చెక్కపాదాలకు నెంబరు

బుధవారం పదకొండింటికి తలెత్తి చూస్తే మా బాబాయి యూనివర్సిటీ మ్యూజియం ఆఫీసు గుమ్మంలో ఉన్నాడు. పట్టా మీద బూట్లు రెండుసార్లు తుడుచుకుని, సరిపోలేదన్నట్టు మూడోసారి తుడుస్తున్నాడు. నలభై ఏళ్లుగా బూట్లు కుట్టే మనిషి. ఆయన దుకాణం యూనివర్సిటీ గేటుకి ఎదురు వీధిలోనే ఉంది. అయినా ఈ గేటు దాటి లోపలికి రావడం ఇది రెండోసారి.

"రా బాబాయ్, కూర్చో."

"కూర్చోవడానికి రాలేదమ్మలూ. ఆ కండక్టరమ్మ పాదాలు ఓ నాలుగైదు రోజులు ఇప్పిస్తావా? పని కాగానే తెచ్చి మళ్లీ నీ చేతిలో పెడతాను."

పక్క గదిలోంచి ఎవరో తొంగి చూశారు. పాదాలు ఇప్పించమని అడిగితే ఎవరైనా చూస్తారు.

అవి చెక్కపాదాలు. బాబాయి దగ్గర కొలతలిచ్చి బూట్లు కుట్టించుకునే ప్రతి మనిషికీ ఒక జత ఉంటుంది. కాలి కొలతకి చెక్కని చెక్కి, దాని మీద తోలు సాగదీసి, సన్న మేకులు దించి, ఆ పైన కుడతాడు. దుకాణం గోడల నిండా ఆ పాదాలే వేలాడుతుంటాయి. ఎవరి పాదం ఏదో ఆయనకి చీకట్లో కూడా తెలుస్తుంది.

మా మ్యూజియంలో అరవై ఏళ్లుగా శిల్పాలూ నాణేలూ తప్ప ఇంకేమీ లేవు. వాటిని చూడటానికి పరీక్షల ముందు విద్యార్థులు తప్ప ఎవరూ రారు. కొత్తగా వచ్చిన డైరెక్టరుగారు ఈసారి చుట్టుపక్కల వీధుల వాళ్లందరినీ కలిపి ఒక ప్రదర్శన పెడదామన్నారు. ఒక్కొక్కళ్లూ తమ పనికి సంబంధించిన వస్తువు ఒకటి మూడు నెలల పాటు ఇవ్వాలి. దర్జీ కత్తెర, గడియారాలు బాగుచేసే ఆయన కంటి అద్దం, రొట్టెల బట్టీలో వాడే పొడుగు చెక్క గరిట, ఇలాంటివి. ఒక ఆదివారం మా ఆవరణలో బల్లలు వేసి వాటిని తీసుకున్నాం. లోపలికి వచ్చే ప్రతి వస్తువునీ కొలిచి, వర్ణన రాసి, నెంబరిచ్చి, రిజిస్టరుకెక్కించడం నా పని. పదకొండేళ్లుగా అదే చేస్తున్నాను. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తారు. నెలాఖరుకి ఈ ఏడాదిది పొడిగించాలి.

బాబాయి మొదట ఇవ్వబోయినవి వేరే పాదాలు. ఎప్పుడో పోయిన ఒక లాయరుగారివి, నున్నగా, అందంగా ఉన్నాయి. నేనే వద్దన్నాను. కండక్టరమ్మ జత కావాలని పట్టుబట్టాను. ఆవిడకి కుడికాలు పొట్టి. ఆ కుడి చెక్కపాదం మీద పద్నాలుగేళ్లలో బాబాయి అంటించిన తోలు ముక్కలు పొరలు పొరలుగా ఉన్నాయి. ఆవిడ కాలు మారినప్పుడల్లా ఒక ముక్క. చూడగానే కథంతా తెలిసిపోతుందని నా ఆశ.

"అది నడుస్తున్న కాలమ్మలూ," అన్నాడు అప్పుడు. "నిలబడిపోయిన కాలు పట్టుకుపో."

"మూడు నెలలే కదా బాబాయ్," అన్నాను నేను.

ఇప్పుడు ఆవిడ బూటు అడుగు చీలిందట. వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం డిపోలో ఆరోగ్య పరీక్ష. కొత్త జత అత్యవసరమైంది.

"కొత్త పాదం చెక్కలేవా?"

"చెక్క ఎండటానికే మూడు వారాలు. ఎండినా, ఆ కాలు లెక్క నా తలలో లేదు. ఆ చెక్కలోనే ఉంది."

"రెండు నిమిషాలుండు, తెస్తాను," అని స్టోరు గదిలోకి వెళ్లాను. తిరిగి ఇచ్చేయాల్సిన వస్తువుల అర వెతికాను. కత్తెర ఉంది, గరిట ఉంది. పాదాలు లేవు. ఎదురు అరలో, మ్యూజియం సొంత వస్తువుల వైపు, అట్టపెట్టెలో మెత్తటి కాగితం మీద పడుకుని ఉన్నాయి. తిప్పి చూశాను. రెండింటి అడుగునా తెల్ల రంగు పట్టీ, దాని మీద నల్ల సిరాతో నెంబరు, పైన వార్నిష్ పూత. రాత గుండ్రంగా, ముచ్చటగా ఉంది. అది నా రాతే.

పట్టీని గోటితో గీరబోయి ఆగాను.

మా దగ్గర రెండు రకాల ఫారాలుంటాయి. తెల్లది, చూపించడానికిచ్చి మళ్లీ పట్టుకుపోయేవాళ్లకి. పసుపుది, మ్యూజియానికి శాశ్వతంగా ఇచ్చేసేవాళ్లకి. తెల్ల ఫారం వస్తువుకి దారంతో చీటీ కడతాం. పసుపు ఫారం వస్తువు మీద సిరాతో నెంబరు రాస్తాం. ఆ ఆదివారం మేమనుకున్నదానికి రెట్టింపు మంది వచ్చారు. తెల్ల ఫారాలు అయిపోయాయి. జిరాక్సు మిషన్ కాగితాన్ని నమిలేసి కూర్చుంది. చివరి పదకొండు మందికి పసుపు ఫారాలే ఇచ్చి, 'శాశ్వతంగా ఇచ్చివేస్తున్నాను' అన్న లైను కొట్టేసి, పక్కన 'మూడు నెలలకు' అని రాసి సంతకం పెట్టించాను. పదిమందికి అలా చేశాను. పదకొండోవాడు మా బాబాయి. వరసలో ఆఖరున వచ్చాడు. పిన్ని మోకాలి నొప్పి గురించి మాట్లాడుకుంటూ, ఇక్కడ పెట్టు బాబాయ్ అన్నాను. పెట్టాడు. మనవాడే కదా, లైను తర్వాత కొట్టేద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఇద్దరం టీ తాగడానికి వెళ్లాం.

మర్నాడు సోమవారం నా ముందు పసుపు ఫారాల కట్ట. కొట్టేసినవాటికి చీటీలు కట్టాను. కొట్టేయనిది ఒకటి కనిపిస్తే నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. రంగు పట్టీ, సిరా, వార్నిష్. పదకొండేళ్ల అలవాటు. కింద ఉన్న పేరు చదివానో లేదో కూడా గుర్తులేదు.

రిజిస్టరు తీశాను. అందులో ఎక్కింది. వారం వారం పై ఆఫీసుకి పంపే జాబితాలో కూడా వెళ్లిపోయింది. అలా ఎక్కిన వస్తువు మళ్లీ గేటు దాటాలంటే సేకరణ కమిటీ తీర్మానం కావాలి. కమిటీ ఆర్నెల్లకోసారి కూర్చుంటుంది. పోయిన నెలే కూర్చుని లేచింది.

బయటికొచ్చి, "ఇవాళ తాళం వేసుంది బాబాయ్, రేపు తెస్తాను," అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "సరేలే, తొందరేం లేదు," అన్నాడు. తొందరుందని ఇప్పుడే చెప్పిన మనిషి.

ఆ సాయంత్రం ఇంట్లో ఒకచోట నిలవలేకపోయాను. వంటగది అర దించి డబ్బాలన్నీ తుడిచాను. తుడిచినవే మళ్లీ తుడిచాను. ఖాళీ సీసాలని పొడుగుని బట్టి వరసగా పెట్టాను.

"అమ్మ దగ్గరికి వెళ్లకే," అన్నారు మా ఆయన మా అమ్మాయితో. "కదలకుండా కూర్చుంటే నీ వీపు మీద కూడా నెంబరేసి పైన పెడుతుంది."

ఆయన మామూలుగా అన్నమాటే. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు చెప్పాల్సొచ్చింది.

"అంతేనా? చెప్పేయ్ మీ డైరెక్టరుకి. పొరపాటే కదా," అన్నారు.

"నెలాఖరుకి కాంట్రాక్టు."

"ఆహా," అన్నారు. కాసేపటికి వచ్చి, నేను తుడిచిన డబ్బా ఒకటి తీసుకుని అటూ ఇటూ చూసి, ఉన్నచోటే పెట్టారు.

గురువారం డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లలేదు. ముందు ఇంజనీరింగు విభాగానికి పరిగెత్తాను. వస్తువుని అన్ని వైపులా కొలిచి అచ్చు అలాంటిదే ప్లాస్టిక్‌తో తీసే మిషన్ వాళ్ల దగ్గరుందని విన్నాను. చేస్తామన్నారు, రెండు రోజులు చాలన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నమూనా ముక్కొకటి అడిగి తీసుకుని మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను.

బాబాయి దాన్ని వేళ్లతో తట్టి, దాని మీద ఒక మేకు పెట్టి సుత్తితో చిన్నగా కొట్టాడు. మేకు జారి బల్ల కిందకి పోయింది. ఇంకో మేకు పెట్టి కాస్త గట్టిగా కొట్టాడు. ముక్క రెండుగా పగిలింది.

"బాగుంది," అన్నాడు. "బొమ్మకైతే బాగుంది."

"ఇంతకీ తాళం తీశారా?" అంది పిన్ని లోపలి నుంచి. దుకాణం వెనకే ఇల్లు. మధ్యలో ఒక తెర. ఆ తెర వెనక నుంచి ఆవిడకి వినిపించనిది లేదు.

చెప్పేశాను. పసుపు ఫారం, నెంబరు, కమిటీ, అన్నీ.

పిన్ని చేతిలో గిన్నెతోనే బయటికొచ్చింది. "మన గోడ మీది వస్తువు మనం అడిగితే ఇవ్వడానికి వాళ్లు ఆర్నెల్లకోసారి కూర్చుంటారా? కూర్చున్నవాళ్లు లేవడానికి ఇంకో ఆర్నెల్లా? చదువుకున్న పిల్ల, మనపిల్ల, చూసుకుంటుందిలే అన్నాను నేనే. బాగా చూసుకున్నావమ్మా."

"నువ్వుండవే," అన్నాడు బాబాయి.

"ఎందుకుంటాను? ఆ కండక్టరమ్మ రేపొస్తే నువ్వేం చెప్తావు? నీ కాళ్లు గవర్నమెంటు వాళ్లు పట్టుకుపోయారని చెప్తావా?"

నాకు నవ్వొచ్చింది. ఆ సమయంలో నవ్వడం ఎంత తప్పో తెలుసు. బాబాయి కూడా మీసం కింద నవ్వాడు. పిన్ని ఇద్దరినీ చూసి, "నవ్వండి," అని లోపలికెళ్లిపోయింది.

శుక్రవారం బస్సులో ఆవిడే కనిపించింది. ఒంటిచేత్తో పైన కడ్డీ పట్టుకుని, భుజానికి సంచీ వేసుకుని, జనాన్ని లోపలికి తోస్తోంది. కుడి బూటు చుట్టూ గోనె పురికొస కట్టి ఉంది. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. లాభం లేకపోయింది.

"మీరు మేస్త్రీగారి అమ్మాయి కదూ?"

"అన్న కూతుర్ని."

"మ్యూజియంలో నా కాళ్లు పెడుతున్నారటగా! డిపోలో అందరికీ చెప్పాను. చచ్చాక కూడా ఎవరికీ పట్టని అదృష్టం, నాకు బతికుండగానే పట్టిందని." పక్కసీటు ఆయన ఆవిడ కాళ్ల వైపు చూశాడు. "చూడండి, చూడండి. ఇవాళ ఉచితం. పై వారం నుంచి గాజు పెట్టెలో చూడాలి."

బస్సు కుదిపింది. ఆవిడ కుడివైపు ఒరిగి, పళ్ల మధ్య గాలి పీల్చి, మళ్లీ నిటారుగా నిలబడింది.

"ఆ పై సోమవారం పరీక్షలో ఏం చేయిస్తారు?" అని అడిగాను.

"గీత మీద నడిపిస్తారు. బస్సు మెట్లు పదిసార్లు ఎక్కి దిగమంటారు. కుంటితే బస్సు మీంచి దింపేసి కౌంటర్లో కూర్చోబెడతారు. కూర్చునే పనే కదా, సుఖం కదా అంటారు మా ఇంట్లో. కదలకుండా కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుందండీ. మేస్త్రీగారు కుడతానన్నారు. ఆయనంటే కుట్టినట్టే."

మ్యూజియం దగ్గర దిగాను. నేరుగా డైరెక్టరుగారి గదికి వెళ్లి మొత్తం చెప్పాను.

ఆయన మంచివాడు. అరవడం, టేబుల్ బాదడం లేవు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నారు.

"మీరు పొరపాటు నివేదిక రాసివ్వొచ్చు. రాస్తే విచారణ వేస్తారు. ఆ ఆదివారం తీసుకున్న ఫారాలన్నీ తిరగేస్తారు. ప్రారంభానికి వారమే ఉంది. ఇంక మీ కాంట్రాక్టు సంగతి నేను చెప్పనక్కర్లేదు." ఆగి, గొంతు తగ్గించారు. "ఇంకో దారుంది. మీ బాబాయిగారు ఒక ఉత్తరం ఇస్తే చాలు. తనకి చదవడం రాదు, ఫారంలో ఏముందో తెలియకుండా సంతకం పెట్టానని. అప్పుడా ఫారం చెల్లదు. నా సంతకంతోనే వస్తువు వెనక్కిచ్చేయొచ్చు. ఎవరి మీదా మాట రాదు."

"ఆయన రోజూ పేపరు చదువుతారు సార్."

"అది మనకెందుకమ్మా? ఎవరు వెళ్లి చూస్తారు?"

ఉత్తరం ఆయనే టైపు చేయించి ఇచ్చారు. నాలుగు లైన్లు. నేను థాంక్స్ చెప్పాను. చెప్పానని రాయడానికి ఇప్పుడు మొహమాటంగా ఉంది కానీ, చెప్పాను. మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైంది. పాదాలొస్తాయి, బూట్లొస్తాయి, ఉద్యోగం ఉంటుంది. ఒక్క సంతకం.

శనివారం మధ్యాహ్నం దుకాణంలో బాబాయి ఒక్కడే ఉన్నాడు. ఒడిలో తోలు పరుచుకుని ఆరెతో కన్నాలు పొడుస్తున్నాడు. ఉత్తరం అందించాను. చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, వెలుగులోకి జరిగి, పైకి చదివాడు.

"'నేను నిరక్షరాస్యుడను. నాకు చదవడం, రాయడం రాదు. సదరు ఫారంలోని విషయము గ్రహించలేని స్థితిలో...' సదరు ఎందుకు? మొదటిసారే కదా చెప్తున్నది?"

"వాళ్ల భాష అంతే బాబాయ్."

"'గ్రహించలేని స్థితి'. తాగున్నాననుకుంటారేమో." ఇంకోసారి కళ్లతో చదువుకున్నాడు. పెదాలు కదలలేదు. "ఇది పెడితే పాదాలిచ్చేస్తారా?"

"సోమవారమే."

"నీకేం కాదు?"

"ఏం కాదు."

"మరింకేం. ఇలా ఇవ్వు." పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద ఆనించబోయి ఆగాడు. "సంతకం పెడితే ఎవరూ నమ్మరమ్మలూ. నా సంతకం కాస్త బాగుంటుంది. వేలిముద్రయితే అడిగేవాడుండడు."

నేనేదో అనబోయాను. ఆయన అప్పటికే నల్ల రంగు డబ్బా మూత తీశాడు. తోలు అంచులకి పూసే రంగు. బొటనవేలు అందులో ముంచి, అంచుకి ఒత్తి, ఎక్కువైన రంగు తీసేశాడు. పని తెలిసిన మనిషి ఏది చేసినా శుభ్రంగానే చేస్తాడు.

నాకు అక్షరాలు నేర్పింది ఆయన. మా నాన్న అప్పుడు వేరే ఊళ్లో పనిచేసేవాడు. ఈ బల్ల కిందే కూర్చునేదాన్ని. తోలు మీద గుర్తులు పెట్టే వెండిరంగు పెన్సిలుతో తునకల మీద ఒక్కో అక్షరం రాసిచ్చేవాడు. నేను దిద్దేదాన్ని. దిద్దిన తునకలని చెప్పుల అడుగుల్లో పొరలుగా పెట్టి కుట్టేసేవాడు. నీ అక్షరాల మీద ఊరంతా నడుస్తోంది చూడు అనేవాడు. ఇన్నేళ్లూ నేను దాన్ని తలచుకున్నది లేదు. ఆ వేలు కాగితం వైపు దిగుతుంటే గుర్తొచ్చింది.

కాగితం లాగేశాను. వేలు బల్ల మీద పడి నల్లటి మచ్చ పడింది.

"అదేంటమ్మలూ?"

"వద్దు బాబాయ్."

"నాకేం పోతుంది? చదవడం రాదంటే వచ్చింది పోతుందా? కండక్టరమ్మ కాలు కంటే ఇదెక్కువా?"

"కాలు కావాలి. ఇది వద్దు. చదవనిది నువ్వు కాదు. చదవాల్సింది నేను, చదవకుండా నీ చేత పెట్టించాను. ఆ మాట రాయాల్సింది కూడా నేనే."

తెర కదిలింది. పిన్ని వచ్చింది. నా చేతిలోంచి కాగితం తీసుకుని, మడిచి, ఇంకా మడిచి, ఊగుతున్న బల్ల కాలు కింద దోపింది. నాకు గుర్తున్నంతవరకు పిన్ని మాట అనకుండా ఊరుకున్నది అదే మొదలు. తర్వాత బాబాయితో అంది, "వేలు కడుక్కో. దాంతో నా తెర ముట్టుకోకు."

ఆదివారమంతా నివేదిక రాశాను. మొదటిసారి రెండు పేజీలొచ్చింది. జనం ఎక్కువ రావడం, జిరాక్సు మిషన్ పాడవడం, టైము చాలకపోవడం. చదివి చింపేశాను. రెండోసారి ఒక పేజీ. అందులోనూ మిషన్ ఉంది. మా అమ్మాయి భుజం మీద నుంచి చూసి, "అమ్మా, మిషన్‌ని ఉద్యోగంలోంచి తీసేస్తారేమో," అంది. మూడోసారి ఏడు లైన్లు. దాత ఈ వస్తువును ఇచ్చివేయలేదు. అది ఇచ్చివేసే ఫారమని అతనికి నేను చెప్పలేదు. ఫారంలో లైను కొట్టివేయడం మరిచింది నేను. సరిచూడకుండా నెంబరు వేసింది నేను. వస్తువు అతని వృత్తికి ప్రస్తుతం అవసరం. వెంటనే తిరిగి ఇవ్వాలని కోరుతున్నాను. కింద తేదీ.

సోమవారం డైరెక్టరుగారు అది రెండుసార్లు చదివారు.

"ఇది నా టేబుల్ మీదకి వచ్చాక చూడలేదని అనలేనమ్మా."

"అందుకే టేబుల్ మీద పెట్టాను సార్."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం మొదటిసారి నన్ను కాస్త శ్రద్ధగా చూశారు. ఫైలు పై ఆఫీసుకి పంపారు. ఇక అక్కణ్నించి ఒక్కో గంటా ఒక్కో రకంగా గడిచింది. ఫోన్ మోగితే లేచేదాన్ని, మోగకపోయినా లేచేదాన్ని. మంగళవారం సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. దాత ఇవ్వలేదని ఉద్యోగే రాసిచ్చింది కాబట్టి వస్తువును విడుదల చేయొచ్చు. విచారణ అయ్యేదాకా సదరు ఉద్యోగి రిజిస్టరు ముట్టకూడదు, ప్రదర్శన పనుల్లో ఉండకూడదు. కొనసాగింపు విషయం శనివారం ఉదయం సమావేశంలో తేలుస్తారు. డైరెక్టరుగారు తనే ఫోన్ చేస్తానన్నారు.

రిజిస్టరులో ఆ లైనుని ఎర్ర సిరాతో కొట్టేసింది కూడా నేను కాదు. ఇంకెవరో కొట్టారు, స్కేలు పెట్టకుండా, వంకరగా. నేను చూస్తూ నిలబడ్డాను.

గేటు దగ్గర కాపలా ఆయన అట్టపెట్టె విప్పించి, పాదాలు రెండూ తీసి, చీటీతో సరిచూశాడు. "ఎవరివండీ ఇవి?" అన్నాడు.

"నూట నాలుగు నెంబరు బస్సు కండక్టరువి," అన్నాను. ఆయనకి తెలుసట. ఒకసారి ఆవిడ తనని బస్సులోంచి దింపేసిందట.

బుధవారం నుంచి పనేమీ లేక దుకాణంలోనే కూర్చున్నాను. బాబాయి నాకు మైనం పట్టించిన దారాలు పేనే పని ఇచ్చాడు. నేను పేనినవి సగం పక్కన పారేశాడు. ఆయన తోలు తడిపి, చెక్కపాదం మీద లాగి, మేకులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి దించుతుంటే, నేను లేచి గుమ్మం దాకా వెళ్లి, వచ్చి, కూర్చుని, మళ్లీ లేచేదాన్ని.

"నీకు కూడా కౌంటరు ఉద్యోగం పనికిరాదే," అంది పిన్ని.

శనివారం పదింటికి రోడ్డవతల యూనివర్సిటీ గేటుకి పూలదండ కట్టారు. జనం బాగానే వెళ్తున్నారు. దర్జీ భార్యాపిల్లలతో వెళ్లాడు. రొట్టెల బట్టీ వాళ్లు దుకాణం మూసి అందరూ కలిసి వెళ్లారు. నేను గుమ్మంలోంచి చూసి లోపలికొచ్చేశాను. ఫోన్‌ని బల్ల మీద బోర్లించి పెట్టాను.

పదిన్నరకి కండక్టరమ్మ వచ్చింది. బాబాయి నేల మీద కూర్చుని, ఆవిడ కాలు తన మోకాలి మీద పెట్టుకుని కొత్త బూటు తొడిగాడు. లేసులు బిగించి, "నిలబడు," అన్నాడు. నిలబడింది. "బరువంతా కుడివైపు వెయ్యి." వేసింది. బాబాయి ఆవిడ మొహం చూస్తున్నాడు, బూటు వైపు కాదు.

"చిటికెన వేలు దగ్గర కొంచెం."

విప్పాడు. ఆ చెక్కపాదం మీద చిటికెన వేలు చోట బియ్యపుగింజంత తోలు అంటించి, దాని మీద బూటుని మళ్లీ ఎక్కించి, పక్కల సుత్తితో తట్టి, తీసి తొడిగాడు. ఆవిడ నిలబడింది. దుకాణంలో ఆ చివర దాకా నడిచి వెనక్కి వచ్చింది. గుమ్మం మెట్లు రెండూ దిగి, ఎక్కి, మళ్లీ దిగింది. ఏదీ పట్టుకోలేదు.

"పదకొండుకి నా బస్సు," అంది. "పదిసార్లు ఇక్కడెందుకు, బస్సుకే ఎక్కి దిగుతాను. వెళ్లొస్తాను మేస్త్రీగారూ. అక్కా, మీ గాజుపెట్టె ఖాళీగా ఉందని బాధపడకండి. సోమవారం అయ్యాక నేనే వచ్చి నిలబడతాను."

ఆవిడ బయల్దేరింది. నేను చూద్దామని గుమ్మంలోకి వెళ్లబోతే బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చూడకు. చూస్తే జాలేస్తుంది, లెక్క తప్పుతుంది. విను."

కళ్లు మూసుకున్నాడు. నేను కూడా విన్నాను. రాతి పలకల మీద ఒక అడుగు, ఒక అడుగు. మొదట తేడా ఉన్నట్టనిపించింది, నా కంగారు కాబోలు. కుడిదేదో ఎడమదేదో తెలుసుకోవాలని ప్రయత్నించాను. తెలియలేదు. పిన్ని తెర దగ్గర గిన్నె చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడింది.

బల్ల మీద ఫోన్ అదరడం మొదలుపెట్టింది. బోర్లించి ఉన్నది అలాగే అంచు వైపు జరుగుతోంది. బాబాయి ఒక కన్ను తెరిచి దాని వైపు, నా వైపు చూశాడు. నేను దాని మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నాను. అరచేతి కింద అది కొట్టుకుంటోంది. అడుగులు దర్జీ దుకాణం దాటాయి, గడియారాలాయన దుకాణం దాటాయి, సమంగా, తొందరగా, బస్సు అందుకోవాల్సిన మనిషి అడుగుల్లా. మలుపు దగ్గర ఇంక వినిపించలేదు.

"సరిపోయింది," అన్నాడు బాబాయి.

అప్పుడు ఫోన్ ఎత్తాను.